ఎర్రచెలకలో ఎత్తిన చేతులు

పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు మొదట అడిగేది "మీరు ఏ పక్షం సార్?" అని. మా రోజుల్లో ఈ ప్రశ్న ఎదురుగా అడిగేవారు కారు, వెనక చెప్పుకునేవారు. నా గురించి చెప్పుకున్న మాట "అభివృద్ధి నిరోధకుడు". నల్లగొండ బస్టాండు ఎదుటి హోటల్లో తోటి విలేఖరులు చాయ్ తాగుతూ, నేను లోపలికి రాగానే "జరగుండ్రి, ఎనకకు నడిచే బండొచ్చింది" అనేవారు. నేనూ నవ్వి వాళ్ళ పక్కనే కూర్చునేవాణ్ణి.

నా అభిప్రాయాలు నేను దాచుకోలేదు. యాభైల్లో, అరవైల్లో ఢిల్లీ నుంచి దిగివచ్చిన ఆర్థిక విధానాల్లో చాలా భాగం నాకు నచ్చలేదు. సర్కారు ఆనకట్ట కట్టాలి, బాట వెయ్యాలి, బడి పెట్టాలి, దొంగను పట్టుకోవాలి. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా రాయి మీద రాయి లేస్తుంటే పాలమూరు కూలీల పక్కన నిలబడి చూశాను. అంత పని సర్కారు తప్ప ఇంకెవరూ చేయలేరని అప్పుడే రాశాను. కాని రైతు ఏ మెట్ట చెలకలో ఏం వెయ్యాలి, వ్యాపారి ఏ ఊరి జొన్నలు ఏ ఊళ్ళో అమ్మాలి, పోచంపల్లి మగ్గానికి ఎంత నూలు ఇవ్వాలి అని పైనుంచి చెప్పడం మొదలుపెడితే, చెప్పేవాళ్ళు పెరుగుతారు, పని చేసేవాడికి ఊపిరాడదు.

ధాన్యం మీద కంట్రోలు ఉన్న కాలంలో మహబూబ్‌నగర్ జిల్లా సరిహద్దు నాకా దగ్గర ఒకామెను ఆపడం చూశాను. కాన్పయిన కూతురికి తైదల మూట, అంటే రాగుల మూట, తీసుకుపోతోంది. "పర్మిట్ ఏదీ?" అన్నాడు జవాను. "బిడ్డ కన్నదయ్యా. గంతకన్న పర్మిట్ ఏంది?" అంది ఆమె. అతను నవ్వి వదిలేశాడు. చట్టం ప్రకారం నడిస్తే ఆ మూట నాకాలోనే ఉండిపోయేది. అమలు చేసేవాడు మంచివాడైతే తప్ప భరించలేని చట్టం మంచి చట్టం కాదని నా నమ్మకం.

ఇలాంటి గట్టి నమ్మకాలున్న మనిషి వార్త రాసేటప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకోవాలి? నాకు అది నేర్పింది ఒక న్యూస్ ఎడిటర్, ఒక ఊరు.

ఎడిటర్ గారి లెక్క

హైదరాబాదు ఆఫీసులో మా న్యూస్ ఎడిటర్‌ది పూర్తిగా అవతలి పక్షం. ప్రణాళికలంటే ప్రాణం. ఉమ్మడి సేద్యం వస్తే తప్ప ఈ దేశపు రైతు బాగుపడడని నమ్మినవాడు. నేను జిల్లా నుంచి వెళ్ళినప్పుడల్లా ఇద్దరం గంటల తరబడి వాదించుకునేవాళ్ళం. చివర్లో ఆయన ఎప్పుడూ ఒకటే అనేవాడు: "మీ అభిప్రాయం సంపాదకీయం పేజీకి పంపండి, నేను చదవను. వార్త నాకు పంపండి, అక్షరం వదలను."

ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. అధికారి వాడిన మాట తీసుకెళ్ళి రైతుకు చెప్పి, నీకేం అర్థమైందని అడగాలి. రైతు వాడిన మాట తీసుకెళ్ళి అధికారిని అదే అడగాలి. రెండు జవాబులూ ఒకటే అయితే అది ప్రకటన. వేరువేరైతే అది వార్త.

అందరూ ఒప్పుకున్న ఊరు

దేశానికి ఉమ్మడి సేద్యమే దారి అని పాలకపక్షం ఢిల్లీలో తేల్చిన రోజులవి. ప్రతి జిల్లా ఒక ఊరినైనా చేసి చూపించాలి. మా జిల్లాలో నకిరేకల్ దగ్గర ఎర్రచెలక అనే పల్లెను ఎంచుకున్నారు. రైతులు తమ భూములన్నీ కలిపి, గెట్లు, అంటే హద్దు గట్లు, తీసేసి, ఒకటిగా దున్ని, పంట పంచుకోవాలి. మంత్రిగారు స్వయంగా వచ్చి రైతుల వేలిముద్రలు తీసుకుంటారని కబురు.

ఈ పని చూస్తున్న సహకార శాఖ అధికారి మూర్తిగారు. కృష్ణా జిల్లా మనిషి. రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమై ఎంతో కాలం కాలేదు, ఆయన మా వైపు రావడం అదే మొదలు. నిజాయితీపరుడు. ఊళ్ళలో ఎవరింటా కాఫీ కూడా ముట్టడు, తన మరచెంబు తనే మోసుకు తిరుగుతాడు. మంత్రి రావడానికి ముందు రోజు ఆయనతో కలిసి నేనూ ఎర్రచెలక వెళ్ళాను.

ఊరంతా చావడి ముందు చేరింది. మూర్తిగారు అరుగెక్కి గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ, రేపు మంత్రిగారు మన ఊళ్ళో సంఘం పెడుతున్నారు. సంఘంలో పేరిచ్చేవాళ్ళు చేతులెత్తండి."

 చేతులు లేచాయి, మగవాళ్ళవీ, ఆడవాళ్ళవీ. ఒక ముసలాయన రెండు చేతులూ ఎత్తాడు. మూర్తిగారి కళ్ళు చెమర్చాయి.

"చూశారా? రైతు గెట్టు వదలడని వ్యాసం రాశారు మీరు," అన్నారు నాతో, మెల్లగా.

నిజమే, రాశాను. రైతులు సంతోషంగా ఒప్పుకుంటే ఆ సంగతీ నేనే రాయాలి. అందుకు సిద్ధపడ్డాను కూడా. కాని ఆ మొహాలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వాళ్ళు మూర్తిగారిని చూడటం లేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు, చనిపోయాడనుకున్న మనిషి ఊరి పొలిమేరలో కనిపించాడని కబురు విన్నవాళ్ళలా.

పెంటయ్య చెప్పిన అర్థం

చేతులెత్తినవాళ్ళలో పెంటయ్యను నేను కొంత ఎరుగుదును. చాలా ఏళ్ళు దొరకు కౌలుదారుగా ఉన్నవాడు. కౌలుదారు చట్టం వచ్చాక, దున్నిన చెలకకు ఆ మధ్యనే అతని పేర పట్టా అయింది. ఇంటిదారి పట్టినవాణ్ణి ఆపి పక్కకు తీసుకుపోయాను.

"చెయ్యెత్తినవ్ గదా పెంటయ్యా. సంఘం అంటే ఏంది?"

"ఏంది సారూ, నల్లగొండల ఉండుకుంట సంగం ఎరుకలేదా నీకు?"

"ఎరుకే. నీ నోటితో చెప్తే రాసుకుంట."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గప్పటి సంగమే. వెట్టి చెయ్యం అని గడీ ముంగట నిలవడ్డ సంగం. ఇప్పుడు సర్కారే ఒప్పుకున్నదట గద! మంత్రే వచ్చి పెడ్తుండట. ఇగ ఫికర్ ఏంది?"



మీలో చాలామందికి ఆ మాట బరువు తెలియదు. నిజాం పాలన చివరి రోజుల్లో నల్లగొండ పల్లెల్లో సంఘం అంటే ఒకటే. గడీల్లో ఉండే దొరల వెట్టికి ఎదురు తిరిగిన రైతుల సంఘం. తర్వాత దాని చేతికి తుపాకి వచ్చింది, దాని మీదికి సైన్యం వచ్చింది. సంఘంలో పేరిచ్చిన పాపానికి దెబ్బలు తిన్న ఇళ్ళు ఊరికి పదైనా ఉంటాయి. వెట్టి మాన్పించినందుకు ఆ సంఘానికి నేను దండం పెడతాను, తుపాకి పట్టినందుకు పెట్టను. పోరాటం ఆగి ఏళ్ళు గడిచినా ఆ మాట మాత్రం ఊళ్ళలో గుసగుసగా బతికే ఉంది. పరపతి ఇచ్చే సహకార సంఘాన్ని మా వైపు పాతవాళ్ళు అంజుమన్ అనేవారు, కొత్తవాళ్ళు సొసైటీ అంటారు. ఉత్త సంఘం అంటే మాత్రం ఆ పాత సంఘమే. కృష్ణా జిల్లా మూర్తిగారికి అది ఎలా తెలుస్తుంది? వాళ్ళ వైపు గ్రంథాలయానికీ సంఘమే, భజనకూ సంఘమే.

"మీ భూములన్ని కలిపి గెట్లు తీసేస్తరట. చెప్పిన్రా?" అని అడిగాను.

పెంటయ్య పగలబడి నవ్వాడు. "సంగం గెట్లు తీస్తదా? నా చెలకకు గెట్టు పెట్టిచ్చిందే సంగపోళ్లు! పట్టా మొన్న సర్కారిచ్చింది గని, గెట్టు గప్పటిదే."

"రేపు బొటనవేలు నిశాని వేస్తే ఆ గెట్టు పోతది పెంటయ్యా."

నవ్వు ఆగిపోయింది. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "సంగం వద్దంటున్నవా సారూ? దొర పంపిండా నిన్ను?"

ఇంకో మాట వినకుండా వెళ్ళిపోయాడు.

ఎవరికి చెప్పాలి?

ఆ సాయంత్రం నకిరేకల్ బస్సులో మూర్తిగారు నా పక్కన కూర్చుని ఇంకో సంగతి చెప్పారు. కొత్త సంఘానికి అధ్యక్షుడుగా ఊరి పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చాడట. తన భూమిలో పెద్ద భాగం సంఘంలో కలుపుతున్నాడట. "ఎంత త్యాగమో చూడండి," అన్నారు. పేరు చెప్పగానే నాకు తెలిసింది, ఆ పెద్దమనిషి ఎర్రచెలక దొరే. ఉండేది హైదరాబాదులో. కాగితాల పని అక్కడే జరిగింది కాబట్టి ఊళ్ళో ఎవరికీ తెలియదు. భూమికి పరిమితి చట్టం వస్తోందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. సంఘం పేర పెట్టిన భూమి చట్టానికి దొరకదు, దొర చేయి దాటిపోదు. మూర్తిగారికి ఇది తోచలేదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి?

ఊరు పాత సంఘం అనుకుని చేతులెత్తిందని పత్రికలో రాస్తే, ఎర్రచెలకలో పాత సంఘం లేచిందని తెల్లారేసరికి పోలీసు జీపు దిగుతుంది. మూర్తిగారికి చెప్తే ఆయన కంగారులో తహసీల్దారుకు చెప్తాడు, తహసీల్దారు అమీన్‌కు చెప్తాడు. అమీన్ అంటే మా వైపు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. అప్పుడు వచ్చేదీ ఆ జీపే. ఎవరికీ చెప్పకపోతే పెంటయ్య సంతోషంగా వేలిముద్ర వేసి, ఏ దొర నుంచి భూమి విడిపించుకున్నాడో ఆ దొర చేతికే తిరిగి ఇస్తాడు.

ఇంకో చిక్కుంది. పెంటయ్య వెనక్కి తగ్గితే గెలిచేది నా అభిప్రాయం. నా అభిప్రాయానికి లాభం కలిగే చోట నా అడుగు మరీ జాగ్రత్తగా పడాలి. ఉపన్యాసం చెప్పే హక్కు నాకు లేదు. ఎడిటర్ గారి పద్ధతి ఒక్కటే మిగిలింది. ఒక మాటకు అర్థం అడగటం. అయితే ఈసారి అందరి ముందూ అడగాలి.

సిరా అంటిన వేలు

మర్నాడు షామియానా కింద ఊరంతా కూర్చుంది. ఎండ మండిపోతోంది. మంత్రిగారు ఆలస్యంగా వచ్చి, దేశం గురించి, ఐకమత్యం గురించి మాట్లాడి, చేరమని ఎవరికీ బలవంతం లేదన్నారు. షామియానా అంచున అమీన్, అతని జవాన్లు నిలబడ్డారు. పత్రికలవాళ్ళం వేదిక పక్కనే ఉన్నాం.

మూర్తిగారు కాగితం తీసి చదివారు. "సంఘ అధ్యక్షులు శ్రీ నర్సింగరావు గారు."

ఒక్కరూ కదల్లేదు. ఆ ఊళ్ళో తరతరాలుగా దొరకు పేరు లేదు. దొర అంటే దొరే. నర్సింగరావు ఎవరో పట్నం మనిషి అనుకున్నారు.

సిరా దిండు తెరిచారు. వరసలో మొదటివాడు పెంటయ్య. ఉతికిన రుమాలు తలకు చుట్టుకొని వచ్చాడు. గుమాస్తా అతని బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. నేను లేచి నిలబడ్డాను. 

"మూర్తిగారూ, రిపోర్టు కోసం చిన్న వివరం. నర్సింగరావు గారంటే ఈ ఊళ్ళో ఎవరు?"

ఆయన సంతోషంగానే జవాబిచ్చారు. "అందరికీ తెలిసిన పెద్దాయనేనండీ. గడీ వారు."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎల్లవ్వ అనే ముసలామె గొంతు లేచింది. "ఎవరూ? దొరనా?"

మూర్తిగారు అవునని తల ఊపారు.

"సంగానికి దొర పెద్దనా?" అంది మళ్ళీ. ఈసారి వెనక నుంచి ఎవడో అందుకున్నాడు. "గట్లయితే వెట్టికి మేస్త్రి ఎవలే అవ్వా?"

నవ్వు ఒక మూల మొదలై షామియానా అంతా పాకింది. అది మంచి నవ్వు కాదు. జవాన్లు లాఠీలు సర్దుకున్నారు. "ఏమిటి, ఏమంటున్నారు?" అని మంత్రిగారు అడుగుతుంటే మూర్తిగారు చెప్పలేక అటూ ఇటూ చూస్తున్నారు.

పెంటయ్య నవ్వలేదు. సిరా అంటిన వేలు అలాగే గాలిలో ఉంది.

"సారూ, ఒక్క మాట," అన్నాడు మూర్తిగారితో. "గిండ్ల చేరినంక, నాకొద్దు అనుకుంటే నా గెట్టు నాకు గదే జాగల పెడ్తరా?"

మూర్తిగారు అబద్ధం ఆడే మనిషి కాదు. కాగితాలు తిప్పి చూశారు. "అదే చోట అని లేదండీ. దానికి సమానమైన భూమి, కమిటీ చూపించిన చోట."

"కమిటి అంటే ఎవలు?"

"అధ్యక్షుల వారూ, మరి కొందరు సభ్యులూ..."

పెంటయ్య వేలిని ధోతి అంచుకు గట్టిగా తుడుచుకున్నాడు. "అయితే నాకొద్దు," అని వరసలోంచి పక్కకు జరిగాడు.

అతని వెనక ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అమీన్ రెండు అంగల్లో ముందుకొచ్చి పెంటయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "పేరేందిరా నీది?"

నేను కలం తీసి, అమీన్ మొహం చూస్తూ రాయడం మొదలుపెట్టాను. మంత్రిగారు నా చేతిని చూశారు, అమీన్ చేతిని చూశారు. "అమీన్ సాబ్, వదిలెయ్యండి. బలవంతం లేదని ఇప్పుడే చెప్పాను కదా," అన్నారు.

ఆ రోజు దిండులో సిరా ఆరిపోయింది. ఇంకెవరూ వేలు పెట్టలేదు.

ఏది రాయాలి, ఏది రాయకూడదు

జీపు దగ్గర అమీన్ నన్ను ఆపాడు. "పేపర్ సాబ్, గా మనిషి పేరేంది?"

"మీరు అక్కడే ఉన్నరు గదా."

"ఉన్న. నువ్వు నిన్న వానితోని మాట్లాడినవట."

"చాలామందితోని మాట్లాడిన."

"మంచిది. పేపర్ల చూస్త తియ్," అని జీపెక్కాడు.

నేను పేరు లేకుండా రాశాను. "ఒక రైతు" అన్నాను. పాత సంఘం ఊసు ఎత్తలేదు. అధ్యక్షుడు దొర అని తెలిశాక, విడిపోతే తమ గెట్టు తమకు రాదని విన్నాక ఎవరూ వేలిముద్ర వేయలేదని ఉన్నదున్నట్టు రాశాను.

న్యూస్ ఎడిటర్ ట్రంకాల్ చేశారు. "మీ కోరిక తీరింది కదా. ఉమ్మడి సేద్యాన్ని రైతులు తిరస్కరించారని ఎందుకు రాయలేదు?"

"వాళ్ళు తిరస్కరించింది దొరనండీ. ఉమ్మడి సేద్యం అంటే ఏమిటో వాళ్ళకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమనేవారో నాకు తెలియదు."

 "ఉన్నదున్నట్టే వేస్తాను," అన్నారాయన.

ఆ వార్త ఎవరికీ నచ్చలేదు. నా పక్షం మిత్రులు మంచి అవకాశం చెడగొట్టావన్నారు. హోటల్లో మిత్రులు మంచి పథకం చెడగొట్టావన్నారు. మూర్తిగారు మాత్రం మా ఇంటికే వచ్చి బాధపడ్డారు. "ఒక్క మాట ముందు చెప్పి ఉంటే బోర్డు మీద సొసైటీ అని రాయించేవాణ్ణి కదండీ." పాపం, ఆయనకు చివరిదాకా ఆ మాటే అడ్డం వచ్చిందని నమ్మకం. నా లెక్క వేరు. ఢిల్లీ నుంచి చూస్తే దొరా రైతే, పెంటయ్యా రైతే. ఇద్దరినీ ఒకే మాటతో పిలిచిన పథకంలో ముందు తలుపు నుంచి ఎవరు వస్తారో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. ఈ అభిప్రాయం నాది. దీన్ని సంపాదకీయం పేజీకి పంపాను, వార్తలో పెట్టలేదు.

పేరు

వానలు పడ్డాక మళ్ళీ ఎర్రచెలక వెళ్ళాను. పెంటయ్య చెలకలో నాగలి పక్కన కూర్చుని సద్ది తింటున్నాడు. కూర్చోమనలేదు.

"పంతులు పేపరు చదివి వినిపిచ్చిండు. ఒక రైతు అని రాసినవట. ఆ ఒక రైతు ఎవడు సారూ?"

"అమీన్ నీ పేరు కోసమే చూస్తుండె పెంటయ్యా. గందుకే రాయలే."

"అమీన్‌కు నా పేరు పేపర్ల చూడాల్నా? రెండు సార్లు ఠాణాకు పిలిపిచ్చిండు. పోయిన, వచ్చిన." చెయ్యి కడుక్కున్నాడు. "గది కాదు నా బాధ. దొర గుమాస్తా ఇంటింటికి తిరిగి చెప్తుండు. పెంటయ్య నిశాని ఏసిండు, వాని చెలక సొసైటీల కలిసింది, పంట కోతలప్పుడు చూడుండ్రి అని. నా వేలికి సిరా అంటింది ఊరంత చూసిన్రు. తుడుసుకున్నది ఎందరు చూసిన్రు?"

లేచి నాగలి మేడి పట్టుకున్నాడు.

"ఎవలన్న అడిగితే పేపర్ల ఉన్నది చూడుండ్రి అందామంటే, పేపర్ల ఒక రైతు ఉన్నడు. ఊరంత రైతులే. నా పేరు తోటి రాయి. నా చెలక నేనే దున్నుకుంటున్న అని రాయి. హద్దులు గూడ రాయి."

"అమీన్ ఊరుకోడు పెంటయ్యా."

"పేరు దాస్తే భూమి పోతది. పేరు చెప్తే మహా అంటే నేను పోత. భూమైతే పిల్లలకు ఉంటది గద."

అతని పేరు కాపాడుతున్నానని నేను అనుకున్నాను. అతనికి ఆ పేరే కాపలా. కొత్తగా వచ్చిన మీకు చెప్పేది ఇదే: ఎవరి పేరైనా దాచే ముందు, వీలుంటే ఆ మనిషిని అడగండి.

పెంటయ్య చెప్పినట్టే రాసి పంపాక, ఎడిటర్ గారు మళ్ళీ ట్రంకాల్ చేశారు. "ఇదేం వార్తయ్యా? రైతు ఆముదాలు విత్తాడు. జిల్లా అంతా విత్తింది."

"మిగతావాళ్ళ భూమి ఎవరిదని ఎవరూ అడగటం లేదండీ."

"తండ్రి పేరు కూడా వెయ్యాలా?"

"ఆ ఊళ్ళో ఇంకో పెంటయ్య ఉన్నాడు."

ఉమ్మడి సేద్యాన్ని అంతగా నమ్మిన ఆ మనిషే దాన్ని జిల్లా వార్తల పేజీలో, పై వరసలో, ఒక్క అక్షరం తీయకుండా వేశారు:

"ఎర్రచెలక: ఈ గ్రామవాసి సాయన్న కుమారుడు పెంటయ్య, తూర్పున వాగు, పడమట బండ్లబాట, ఉత్తర దక్షిణాల పాత గెట్లు హద్దులుగా గల తన చెలకలో ఈ వారం ఆముదాలు విత్తినాడు. సదరు చెలక ఆయన పేరనే ఉన్నది. ఎవరికీ ఇవ్వలేదు."